ఎరుపు కొంచెం తగ్గించండి సార్!

నిన్న ఆస్పత్రిలో నా మెకానిక్ బుర్ర నన్నెలాగ ముంచేసిందో వినండి బావా. నవ్వుకోండి, పర్లేదు. నాకే నవ్వు రావట్లేదు.

నెల్రోజులుగా ఒంటేలుకెళ్తే నెత్తురు పడతంది. ఇంట్లో చెప్పలేదు. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాను. మొన్న మా ఆవిడ నూకరత్నం బాత్రూంలో చూసేసింది. ఇంకేటుంది! ఏడుపూ, తిట్లూ... నిన్న పొద్దున్నే ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

డాక్టర్ గారు జెల్లీ పూసి, ఒంటేలు దారిలోంచే సన్నటి గొట్టం లోపలికి పెట్టేరు. దాని చివర కెమెరా. లోపలున్నదంతా పక్కనున్న స్క్రీన్ మీద కనబడతాది. మంట సంగతి అడక్కండి! అయినా ముప్పై ఏళ్ళుగా టీవీలు బాగుచేసే కళ్ళు కదా, స్క్రీన్ మీదికే పోయేయి.

చూద్దును కదా, ఓ మూలంతా ఎర్రగా ఉంది!

"సార్, మీ మోనిటర్లో రెడ్ ఎక్కువైంది. సెట్టింగుల్లోకెళ్ళి కొంచెం తగ్గించండి" అన్నాను.

ఆయన గొట్టం ఇంకాస్త అటు తిప్పేరు.

"పోనీ కేబుల్ లూజేమో! సిస్టర్ని ఓసారి కదపమనండి."

నర్సమ్మ తల దించుకుంది. నేనాగితేనా! "రేపు మా కొట్టుకి పంపించీయండి సార్, నేను చూత్తాను."

డాక్టర్ గారు గొట్టం నెమ్మదిగా బయటికి తీసేరు. తెల్లటి గాజుగుడ్డ ముక్కొకటి కెమెరా ముందర పెట్టేరు.

"ఇప్పుడు ఏం రంగు కనబడుతోంది బాబాయ్?"

స్క్రీన్ మీద గుడ్డ తెల్లగా ఉంది.

"తెలుపే సార్."

"మోనిటర్ బాగానే ఉంది. మీకే లోపల గడ్డుంది. ముక్క తీసి టెస్టుకి పంపాలి. కేన్సరో కాదో అప్పుడే చెప్పగలం."

రంగులు సరిగ్గా ఉన్నాయని ఏడ్చిన మెకానిక్కు నేనొక్కణ్ణే అయ్యుంటాను. భయమేసింది బావా. చాలా భయమేసింది.

బయట బెంచీ మీద నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది. నన్ను చూడగానే లేచింది.

"ఏటన్నారండీ?"

కస్టమర్లకి చెప్పే మాటే నోటికొచ్చేసింది. "ఏటీ లేదే! చిన్న ఫాల్టే. బాగైపోద్ది."

అంతే, భోరుమంది.

"మీరు చిన్న ఫాల్టన్న టీవీ ఒక్కటైనా బాగై ఇంటికెళ్ళిందేటండీ?"

నిజమే బావా. కొట్లో అటక మీద ఇంకా పదకొండున్నాయి.