మూడో టక్కు

ఆయన్ని మా వీధిలో టక్కులమారి అనేవాళ్ళు. ఒక్క బోల్టు విషయంలో కూడా ఎవరినీ మోసం చేసిన మనిషి కాదు. ఆ పేరు వేరే దారిన వచ్చింది.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులు బాగుచేయడం ఆయన పని. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య గుండ్రటి ఇనప డొల్ల ఒకటి ఉంటుంది. ఇంజను బలాన్ని నూనె ద్వారా గేర్లకి అందించేది అదే. మేస్త్రి దాన్ని గుమ్మడికాయ అనేవాడు. గేర్‌బాక్సు మూతిలోకి దాన్ని తిప్పుతూ తోస్తే మూడు మెట్లు దిగుతుంది, మెట్టుకో చప్పుడు. ఆ మూడూ అయ్యేదాకా షెడ్డులో ఎవరూ నోరు మెదపకూడదు. "టక్కు పడిందా?" అనే మాట రోజూ వీధిలోకి వినబడేది. ఇంకేం, పేరు ఖాయమైపోయింది. ఆయనా పట్టించుకోలేదు. "అసలు టక్కులమారులందరికీ మంచి మంచి పేర్లున్నాయి. నాకిది ఉండనివ్వండి" అనేవాడు.

ఆయనకి ఒక అక్క, షెడ్డుకి నాలుగిళ్ళ అవతల ఉండేది. దర్జీ. చిన్నప్పటి జబ్బు వల్ల ఎడమకాలిలో బలం లేదు. బస్సు మెట్టు ఎక్కలేదు, క్లచ్చి తొక్కలేదు. కుడికాలు ఒక్కటే చాలు గనక ఇరవై రెండేళ్ళుగా ఒక పాత ఆటోమేటిక్ కారులో ఊరి ఆ చివరనున్న తన దుకాణానికి వెళ్ళివస్తోంది. ఆ ఏడాది దాని ఇంజను లోపల కడ్డీ విరిగి, పక్కగోడ పగలగొట్టుకుని చచ్చిపోయింది. ఆ రకం ఇంజను ఇంకెక్కడా లేదు. గేర్‌బాక్సు మాత్రం నిక్షేపంగా ఉంది.

"వేరే బండి చూసుకోరాదూ?" అన్నాడు తమ్ముడు.

"ఈ సీటు నా నడుముకి అలవాటవడానికి పదేళ్ళు పట్టిందిరా. ఇంకో పదేళ్ళు నా దగ్గరెక్కడున్నాయి?"

మూడు నెలలు ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. దుకాణం తాళం తీయలేదు. మాటలు తగ్గాయి. అది చూశాకే ఆయన వెనకభాగం నుజ్జయిన ఒక బండి నుంచి కొత్త తరం ఇంజను తెచ్చాడనుకుంటాను. పాత గేర్‌బాక్సుకి దాన్ని తగిలించాలి. రెంటి బోల్టు బెజ్జాలూ కలవవు. మధ్యలో చిటికెనవేలంత మందమున్న పలక ఒకటి వేసి, ఒకవైపు దీని బెజ్జాలు, రెండోవైపు దాని బెజ్జాలు కోయించాడు.

పలక కోసి షెడ్డుకి తెచ్చిన లేతు మిషనాయన ఊరుకోలేదు. "ముసలి పెళ్ళికొడుక్కి పడుచు పెళ్ళికూతురా మేస్త్రీ?"

"పెళ్ళికొడుకు గొణగడు. అది చాల్లే" అంది అక్క.

ఇంకో చిక్కు. పెడలు ఎంత తొక్కారో పాత గేర్‌బాక్సుకి ఒక ఇనప తీగ చెబుతుంది. కొత్త ఇంజనుకి తీగే లేదు, అంతా కరెంటు. మేస్త్రి ఆ తీగని తిన్నగా పెడలుకే కట్టేశాడు. దానికి ఆయనకి ఒక పూట పట్టింది. నాకు అర్థం కావడానికి రెండు రోజులు.

బిగించేరోజు మధ్యాహ్నం అక్క స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతోంది. ఎదురింటివాణ్ణి, నేను గుమ్మంలో నిలబడ్డాను. మేస్త్రి గుమ్మడికాయని రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు. టక్. కాసేపటికి మళ్ళీ టక్. ఇంకొంచెం తిప్పి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అయింది."

"రెండేరా" అంది అక్క, తల ఎత్తకుండానే.

"మూడు."

"రెండు."

"నలభై ఏళ్ళుగా వింటున్నానే నేను! నువ్వు కాజాలు చూసుకో."

"నలభై ఏళ్ళు వింటే చెవులు అరగవూ?"

ఆయన మొహం ఎర్రబడింది. జాకీ మీద గేర్‌బాక్సుని లేపి ఇంజనుకి ఆనించి, నాలుగు బోల్టులు పట్టించాడు. కింద ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి గుమ్మడికాయకీ ఇంజను చక్రానికీ మధ్య సందు చూడాలి. అక్క కుట్టుడబ్బాలోంచి ఒక కోటు గుండీ తీసుకుని ఆ సందులో దూర్చాడు. అతికినట్టు సరిపోయింది.

"ఎప్పుడూ ఉండాల్సింది ఇంతే. చాలా? నమ్ముతావా?"

అక్క సూది ఆపింది.

"ఒరే, మధ్యలో కొత్తగా పలక పెట్టావు కదా?"

"పెట్టాను."

"మరి సందు అంత మేరా పెరగాలిగా? కోటుకి లోపల లైనింగు వేశాక కూడా వెనకటిలాగే వదులుగా ఉందంటే, కొలతలో నేనెక్కడో తప్పాననే అర్థం."

మేస్త్రి గుండీని చేతిలో పెట్టుకుని దానికేసే చూస్తూ నిలబడ్డాడు. పలక పెంచిన సందుని మూడో మెట్టు దిగని గుమ్మడికాయ ముందుకొచ్చి నింపేసింది; రెండు తేడాలూ ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. అలాగే బిగించి ఇంజను తిప్పి ఉంటే నూనె పంపు పళ్ళు విరిగేవి. ఆ పంపు కూడా ఇంకెక్కడా దొరకదు. అక్క బండి అక్కడితో సరి.

బోల్టులు విప్పి దింపాడు. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. అక్క కర్ర పట్టుకుని లేచి దగ్గరకెళ్ళి నిలుచుంది.

"ఇంకొంచెం. ఇటు కాదు, అటు."

టక్.

"ఇదిగో, ఇదీ మూడోది."

ఆయన చూపు గుమ్మడికాయ మీద లేదు, అక్క మొహం మీద ఉంది. "టక్కు పడిందా?" అని ఆయన అడిగింది పక్కనున్న మనుషులనేనని నాకప్పుడు తెలిసింది. ఆ చప్పుడు ఆయన చెవికి అందక ఎన్నాళ్ళయిందో తెలియదు. అది ఆయన ఊతపదమని వీధంతా నవ్వుకున్నాం.

మర్నాడు లేతు మిషనాయన పలకంత మందంలో ఒక రింగు తీసిచ్చాడు. దాన్ని ఇంజను చక్రం వెనక వేశాక అదే గుండీ మళ్ళీ సందులో సరిపోయింది. మొదటిరోజు గేర్లు ఆలస్యంగా పడ్డాయి. తీగని రెండు చుట్లు వదులు చేస్తే సర్దుకుంది. సోమవారం అక్క దుకాణం తెరిచింది.

తరవాత ఆ షెడ్డులో ఒక మార్పు వచ్చింది. గుమ్మడికాయ ఎక్కించే పని ఏదైనా సాయంత్రం దాకా ఆగేది. "ఇంకా ఎందుకండీ ఆలస్యం?" అని బండివాళ్ళు విసుక్కుంటే, "వినేవాళ్ళు రావాలి" అనేవాడు, ఏమీ దాచకుండా. నాలుగున్నరకి అక్క కారు వచ్చి షెడ్డు ముందు ఆగేది. ఆవిడ దిగేది కాదు. అద్దం దించి ఇంజను ఆపేది.

"టక్కు పడిందా?"

"ఒకటి" అనేది ఆవిడ లోపల్నుంచే. మూడూ లెక్కపెట్టాకే బండి మళ్ళీ కదిలేది.