దిష్టికి కట్టిన చెప్పు

కడపలో మా మేడ మీద నాలుగు నెలలుగా వంగ మొక్కలు పెంచుతున్నాను. మా వీధికి ట్యాంకర్ నీళ్లే దిక్కు. అందుకని బియ్యం కడిగిన నీళ్లు కూడా బకెట్‌కు పట్టి, మోకాళ్లు నొప్పెట్టేలా మెట్లెక్కి పోశాను. పూత రాగానే దిష్టి తగలకుండా నా పాత చెప్పుల్లో ఒకటి కుండీల దగ్గర వేలాడదీశాను.

ఈ రోజు కోస్తే మూడు కాయలు వచ్చాయి. రెండు పుచ్చులే.

బట్టలు ఆరేయడానికొచ్చిన కింది పోర్షన్ అక్క నా చేతిలోకి చూసింది, పైన చెప్పు వైపు చూసింది.

"ఏమ్మా, దిష్టి తగిలేదానికి ఈడ ఏముండాదని కట్టినావు?" అంది.

చెప్పు విప్పి, దాని జత వెతికి, రెండూ తొడుక్కుని వంకాయల కోసం మార్కెట్‌కు పోయొచ్చాను. ఒక చెప్పు ఎండకు తెల్లబడింది, ఇంకొకటి అట్లాగే ఉంది.

మీ మేడ మీదైనా దిష్టి చెప్పుకు పని ఉందా?