నూలుకు పోయిన బార్లీ

1962 వానాకాలం. నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న సర్కారు దవాఖానలో నేను వంటమనిషిని. రోగులకు డైట్, అంటే డాక్టర్ చెప్పిన తిండి, వండిపెట్టడం నా పని. బయటివాళ్ల చేతి వంట ముట్టనివాళ్లకు సామాన్లు కొలిచి ఇచ్చేదాన్ని. వాళ్ల ఆడవాళ్లు వెనక రేకుల కింద వండుకునేవాళ్లు.

మగ్గం నేసే నర్సయ్య అలాంటివాడే. కాలి బొటనవేలికి పుండు. షుగర్ ఉండడంతో ఎన్నాళ్లైనా మానలేదు.

"షుగర్ దిగకుంటే వేలు తీసెయ్యాలె. ఇంకా పైకి పాకితే పాదమే పోతది" అన్నాడు డాక్టర్.

"పాదం లేకుంటే మగ్గం ఎట్ల తొక్కుత సారూ? కాళ్లు పెట్టి నేసే గా మగ్గం గుంతలనే నన్ను పూడ్చిపెట్టుండ్రి" అన్నాడు నర్సయ్య. నవ్వబోయాడు కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టర్ మాత్రలిచ్చాడు, అన్నం బంద్ చేసి బార్లీ తినమన్నాడు. జ్వరమొస్తే నీళ్లు కాచి తాగడానికి తప్ప బార్లీని తిండిగా ఎరిగినవాళ్లు మా దిక్కున తక్కువ. రోజూ గింజలు కొలిచి నర్సయ్య భార్య లచ్చవ్వకు ఇచ్చాను.

అప్పట్లో మూత్రంలో నీలం రంగు మందు కలిపి గాజు గొట్టంలో కాచేవారు. షుగర్ ఎక్కువుంటే ఇటుక రంగు, తగ్గితే ఆకుపచ్చ, లేకుంటే నీలం. నర్సయ్యది ఎప్పుడు చూసినా ఇటుక రంగే.

"దొంగతనంగ అన్నం తింటున్నవా?" అని డాక్టర్ గద్దించాడు.

"తిన్న సారూ. గా నీళ్లకు కడుపు నిండుతదా?"

నీళ్లేమిటి? నాకు అనుమానం వచ్చి రేకుల కిందికి పోయాను. లచ్చవ్వ కుండలో తేరిన పల్చటి నీళ్లను మొగుడికోసం చెంబులోకి వంచింది. మిగిలిన గింజలను జిగురు వచ్చేదాకా ఉడికించి, గుడ్డలో వేసి పిండి, ఆ జిగురును ఇంటినుంచి తెచ్చుకున్న నూలుకు గంజిగా పట్టిస్తోంది.

"ఇదేంది లచ్చవ్వా?"

"బియ్యం గంజి కంటె మంచిగ పడతాంది అక్కా! పోగు తెగుతనే లేదు. గింత జిగురు మనిషికి పెడితే పేగులు అంటుకపోవా?"

"నీ మొగుని తిండంత నూలుకు పెడితివి గదనే! నూలుకేమన్న షుగరొచ్చిందా?"

ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. తరువాత నా ముందరే గింజలను జొన్న గటకలాగా చిక్కగా ఉడికించి, మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ పక్కన పెట్టించాను.

"పండ్లూడిన ముసలోని బువ్వ లెక్కున్నది" అని నర్సయ్య మూతి ముడిచాడు. రెండు ముద్దలయ్యాక, "జర ఇంకింత పెట్టు" అన్నాడు. పొద్దు వాలేదాకా ఆకలి అనలేదు. అన్నం మాట ఎత్తలేదు.

గొట్టంలో రంగు మెల్లమెల్లగా పసుపుకు, ఆపై ఆకుపచ్చకు దిగింది. పుండు ఆరి, లేత చర్మం కమ్ముకొచ్చింది. బార్లీ ఒక్కటే చేసిందని అనను. మాత్రలున్నాయి, రోజూ కట్టు మార్చడమూ ఉంది. కానీ ఆ జిగటే కరిగే పీచని, తిన్నదాంట్లోని చక్కెరను ఒక్కసారే రక్తంలోకి పోనివ్వకుండా నిదానంగా పంపుతుందని చాలా ఏళ్లకు డాక్టర్లు చెప్పగా విన్నాను.

నర్సయ్య తన కాళ్లమీదే నడిచి ఇంటికి పోయాడు. పోతూ పోతూ లచ్చవ్వ అడిగింది: "ఇగ నూలుకేం పెట్టాలె అక్కా?"

"బియ్యం గంజి పెట్టు. నీ మొగడు తినే బియ్యం మిగులుతయి గద!"

ఏం తినాలో చెబితే సరిపోదని, ఎట్లా వండుతున్నారో చూడాలని అప్పుడే తెలిసింది. ఆ తరువాత పని మానేదాకా, ఎవరికి బార్లీ కొలిచి ఇచ్చినా మొదటి పూట వాళ్ల పొయ్యి పక్కనే కూర్చున్నాను.