కర్పూరం ఆర్పిన చెయ్యి

మా ఊళ్లో ప్రమాణం చెయ్యాలంటే పోలేరమ్మ గుడి ముందు కర్పూరం వెలిగించి, మాట చెప్పి, ఆ మంటను అరచేత్తో ఆర్పాలి. ఆర్పితే నమ్ముతారు. ఆర్పనంటే తప్పు చేసినట్టే. ఈ దిక్కుమాలిన లెక్కకే మా పెద్దత్త బతుకు బలైపోయింది.

అత్త మా నాన్నకు అక్క. భర్త పోయాక తాత రాసిచ్చిన ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇంటి వెనక, రోడ్డుకు ఆనుకుని ఆమె ఖాళీ జాగా ఉంది. లారీ నేరుగా వచ్చి ఆగుతుంది కాబట్టి మిరపకాయలు ఆరబోసుకోవడానికి అంతకన్నా మంచి కల్లం ఊళ్లో దొరకదు. నాన్న తమ్ముడు, మా బాబాయి, దాని మీద కన్నేశాడు. ఎన్నిసార్లు అడిగినా అత్త ఇవ్వనంది.

ఆ ఏడు నల్ల తామర పురుగు పడి ఊరి మిరప తోటలన్నీ ముడుచుకుపోయాయి. మందులు కొట్టి కొట్టి విసిగిపోయిన జనానికి తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. బాబాయి తన చేలో దొరికాయంటూ పసుపు పూసి మేకులు గుచ్చిన నిమ్మకాయల ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అత్త చేతబడి చేసి వాటిని పాతిపెడుతుంటే కళ్లారా చూశానన్నాడు. డిగ్రీలు చదివినవాళ్లు కూడా దాని కింద దణ్ణం బొమ్మలు పెట్టారు. ఫోను ముట్టుకోవడానికే నాకు రోత పుట్టింది.

అందరూ గుడి దగ్గర చేరారు. బాబాయి ముందుకొచ్చి, "మా అక్కే చేసింది. నా కళ్లతో చూశా" అని కర్పూరం ఆర్పాడు. ఆ మసి లుంగీకి తుడుచుకుని, అదే చేత్తో టీ గ్లాసు అందుకున్నాడు.

తర్వాత అత్తను పిలిచారు.

"చెయ్యని పనికి ప్రమాణం ఏంటి? చెయ్యలేదని చెప్తున్నాగా" అంది.

నాన్న ఊరికి పెద్దమనిషి. "అక్క చీమకి కూడా హాని చెయ్యదు. వీడికి ఆ జాగా కావాలి, అంతే" అని ముందురోజు ఇంట్లో మాతో అన్నది ఆయనే. గుడి దగ్గర మాత్రం, "అక్కా, నా పరువు పోతోంది. ఒక్కసారి ఆర్పెయ్యి" అన్నాడు.

"ఊరికైతే తెలీదు. నీకూ నా మాట చాలదా తమ్ముడూ?"

నలుగురిలో తన మాట కాదన్నందుకు నాన్న ముఖం కందగడ్డ అయింది. "అయితే నీ ఇష్టం. ఇక నీకూ మాకూ సంబంధం లేదు" అని లేచి వెళ్లిపోయాడు. ఇంట్లో అన్న మాటే అక్కడా అని ఉంటే గొడవ అంతటితో ఆగిపోయేది.

ఆ రాత్రి నుంచే అత్త ఇంటి మీద రాళ్లు పడ్డాయి. కొన్నాళ్లకు చీరాలలో ఉన్న కూతురు వచ్చి ఆమెను తీసుకెళ్లిపోయింది. బాబాయి ఆ జాగా చదును చేయించి కల్లం చేసుకున్నాడు. మనిషన్నవాడు ఒక్కడూ అడగలేదు.

మరుసటి ఏడు పురుగు మళ్లీ వచ్చింది. ముందు బాబాయి తోటకే పట్టింది. ఆ కల్లంలోనే కూర్చున్నారు అందరూ.

"ఆవిడ ఊళ్లో లేదుగా. మరి ఇదేంటి?" అన్నాడొకాయన.

నేను ఆశగా నాన్న వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చీరాల ఎంత దూరం? అక్కడ్నుంచి కూడా చేస్తుంది" అన్నాడు.

ఆయన కళ్లలోకి చూశాను. ఈసారి నమ్మే అన్నాడు.