మామ బుగ్గలకు పూసిన గులాబీ రంగు

నేను ఐదో తరగతిలోనే బడి మానేశాను. నేను రావడం లేదని బడివాళ్లు గమనించడానికి మరో ఏడాది పట్టింది. ఆ తర్వాత ఆళ్లగడ్డలో సినిమా బ్యానర్లు వేసే పనిలో కుదిరాను.

డెబ్బైల చివర్లో నంద్యాలలో కొందరు ఊరి సంగీతం మీద బొమ్మల ప్రదర్శన పెడుతూ నన్నూ పిలిచారు. చర్చిలో హార్మోనియం వాయించే టీచరమ్మను, పీర్ల పండుగకు డప్పు కొట్టే పెద్దాయనను, పెళ్లిళ్లకు సన్నాయి ఊదిన మా మామను వేశాను.

మామ అంటే నా భార్య తండ్రి. పళ్లు రాలి సన్నాయి పక్కన పెట్టినప్పటి నుంచి ఆయన పెళ్లి పందిళ్ల వైపే పోవడం మానేశాడు. బొమ్మ చూసైనా ఆ ముఖం కాస్త వెలగాలని నా ఆశ. కానీ బ్యానర్లకు అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, ఎవరిని వేసినా హీరోను చేసేస్తుంది. టీచరమ్మకు విల్లు లాంటి కనుబొమలు, మామకు గులాబీ బుగ్గలు, నల్లటి ఉంగరాల జుట్టు వచ్చేశాయి.

బతిమాలి ఆయనను బస్సెక్కించి తీసుకొచ్చాను. బొమ్మ ముందు నిలబడి కిందా మీదా చూశాడు. ఆయన వేళ్లు పంచె మీద సన్నాయి వాయిస్తున్నట్టే కదులుతున్నాయి.

"ఏంది మామా, బాగలేదా? ముప్పై ఏండ్లు తగ్గించినా గదా" అన్నాను.

ఆయన బొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండానే బోసినోటితో నవ్వాడు.

"అప్పటికి నా బిడ్డ పుట్టనే లేదు. నువ్వెవరప్పా, నన్ను మామా అంటాండావ్?"