రొయ్యల సైరన్

భీమవరం పక్కన మా అక్క వాళ్ల ఊళ్లో రొయ్యల చెరువు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక సైరన్ ఉంటుంది. చెరువు దగ్గర కరెంటు పోతే అది ఇంట్లో మోగుతుంది. నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగితే రొయ్యలకు గాలి అందదు, కాసేపు ఆలస్యమైనా చచ్చి తేలతాయి. అందుకని సైరన్ వినగానే, ఎవరు ఏ పనిలో ఉన్నా, జనరేటరు వేయడానికి పరుగెత్తాలి.

కిందటి ఎండాకాలం ఒక ఆదివారం అక్కను చూడటానికి వెళ్లాను. తుంటి ఎముక విరిగి రెండు నెలలుగా వెనక గదిలో మంచం మీద ఉంది. నన్ను చూసి ఒక్కటే అడిగింది.

"ఇవాళ హాల్లో నీ పక్కన కూర్చుని అన్నం తింటాను తమ్ముడూ. వాడికి చెప్పు."

చక్రాల కుర్చీ గోడవారన ఉంది. దాని మీద ఉతికిన బట్టలు కుప్పగా పోసి ఉన్నాయి.

మేనల్లుడికి చెప్పాను. రొయ్యలు కొనేవాళ్లిద్దరు భోజనానికి వచ్చారు, వాళ్లు లేచాక తీసుకొద్దాం మామయ్యా అన్నాడు. అడిగినదానికి జవాబు వచ్చేదాకా కదలకూడదని పత్రికలో కుర్ర విలేకరులకు ఏళ్లతరబడి చెప్పినవాణ్ణి నేను. సరేనని కంచం ముందు కూర్చున్నాను.

అక్క మంచం పక్కన ఒక స్టీలు గ్లాసు, చెంచా ఉంటాయి. ఎవరైనా కావలిస్తే చెంచాతో గ్లాసు మీద కొడుతుంది. మేం పులుసు కలుపుకుంటుంటే ఆ చప్పుడు రెండుసార్లు వినిపించింది. వస్తున్నానండి అత్తయ్యగారూ అని మేనల్లుడి భార్య వంటింట్లోంచే అంది. మూడోసారి ఎవరూ పలకలేదు.

అప్పుడు సైరన్ మోగింది.

మేనల్లుడు ఎంగిలి చేత్తోనే లుంగీ ఎగ్గట్టి వెనక గుమ్మం వైపు దూకాడు. అతని భార్య గరిటె పట్టుకునే వెనకాల పరుగెత్తింది. కొనడానికి వచ్చినవాళ్లలో లావుపాటాయన కంగారులో ఆవిడ చెప్పుల్లో కాళ్లు ఇరికించాడు. చేపల పులుసు గిన్నె బోర్లాపడింది. పక్కింటాయన తల మీద సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని తన చెరువుకు పరుగెత్తి, కరెంటు ఉందో లేదో చూడకుండానే జనరేటరు వేసేశాడు.

చెరువు గట్టెక్కి చూస్తే ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి. ఒక్క రొయ్యా తేలలేదు.

తిరిగి వచ్చేసరికి మేనల్లుడి కూతురు, ఎనిమిదేళ్లది, వాళ్లమ్మ ఫోను పట్టుకుని అక్క గది గుమ్మంలో నిలబడి ఉంది. ఇదివరకెప్పుడో సైరన్ మోగితే రికార్డు చేసి పెట్టుకుందట. దాన్నే హాల్లో స్పీకరుకు కలిపి మోగించింది. కొనేవాళ్లు నవ్వారు. మేనల్లుడు చెయ్యెత్తాడు.

"మామ్మ గ్లాసు కొడితే ఎవరూ రావట్లేదు కదా నాన్నా," అంది పిల్ల. "దీనికైతే అందరూ పరిగెడతారని."

ఎత్తిన చెయ్యి దిగింది. ఫోను మాత్రం లాక్కున్నాడు. రేపు నిజంగా కరెంటు పోయిన రోజున అందరూ ఆటే అనుకుని కూర్చుంటే చెరువు ఏమవుతుందో పిల్లకు చాలాసేపు చెప్పాడు. అందులో తప్పేమీ లేదు. అతని భార్య నేల తుడిచింది. కొనేవాళ్లకు మళ్లీ వడ్డించారు. కుర్చీ మీది బట్టలు ఎవరూ తీయలేదు.

నాకు చెరువు లేదు. జనరేటరు వేయడం రాదు. అయినా అందరితోపాటు నేనూ పరుగెత్తాను. చెరువుకు దారి అక్క గది ముందునుంచే. గ్లాసు మీద చెంచా చప్పుడు అప్పుడు కూడా విన్నాను.

గదిలోకి వెళ్లేసరికి అక్క కంచం ఒళ్లో పెట్టుకుని తింటోంది. పిల్ల తెచ్చి ఇచ్చిందట. కుర్చీ సంగతి ఎలా ఎత్తాలా అని నిలబడ్డాను.

"రొయ్యలన్నీ బానే ఉన్నాయా తమ్ముడూ?" అంది.

"బానే ఉన్నాయక్కా," అన్నాను.