పాట నడుమ కరెంటు పోయిన టేపు

మా ఇంటాయప్ప, అదే నా మొగుడు, అప్పట్లో కొత్తచెరువులో బాడుగ జీపు తోలుతా ఉండె. పుట్టపర్తికి వచ్చే తెల్లోళ్లను బెంగుళూరు నుంచి తీసకొచ్చేది, మళ్లా తీసకపోయేది ఆయప్ప పని. అట్ల వచ్చినోళ్లలో ఒక గడ్డమాయన ఉండె. జీపు ఎక్కితే చాలు, సంచిలోంచి ఒక టేపు తీసి పెట్టమనేవాడంట. దావ పొడుగునా అదే. పోయిన దినమూ అదే, వచ్చిన దినమూ అదే. కడాకు ఊరికి పోతాపోతా ఆ టేపు మా ఇంటాయప్ప చేతిలో పెట్టి, నువ్వే ఉంచుకో అని పోయినాడు.

అది అంగట్లో కొన్న టేపు కాదు. ఎవరో ఇంట్లో ఎక్కించుకున్నది. అట్ట మీద పెన్నుతో రాసిన ఇంగ్లీషు చెమట తగిలి సగం చెరిగిపోయిండె. పాటలేమో అమెరికావి. గదిలో కూర్చుని పాడినవి కాదు, స్టేజీ మీద జనం ముందర పాడతాంటే పట్టినవి. ఆ బ్యాండు వాళ్లది ఆ దేశంలో దక్షిణం పక్క సీమ అంట. ఎండలు జాస్తి అంట. పత్తి పండుతాదంట, శెనక్కాయ పండుతాదంట. గడ్డమాయన చెప్పిన ఈ సంగతులన్నీ మా ఇంటాయప్ప అన్నం తింటా చెప్పుకొస్తాంటే, గోడకు ఆనుకోనుండిన మా మామ ముందుకు జరిగినాడు.

"శెనక్కాయ పండుతాదంటనా?"

"పండుతాదంట నాయనా. మన మాదిరే."

"అట్లయితే పెట్టు, విందాం."

మామ అంటే నాకు మొగుని నాయనే కాదు, మా అమ్మకు సొంత తమ్ముడు. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిప్పినోడు. అందుకే ఆ ఇంట్లో నేను నోరు కట్టుకుని తిరిగింది లేదు, ఆయనా నన్ను పాపా అనే పిలుస్తా ఉండె. మా అత్త మాత్రం అంత మెత్తని మనిషి కాదు. మొదటి దినం ఆ పాటలు విని, ఎవరో రేకుల కొట్టం మీద గులకరాళ్లు పోస్తాండారు, కట్టేయండప్పా అనె.

అట్లన్న ఆయమ్మే నెల తిరక్కముందే పాటల్లో ఇది పెట్టు, అది పెట్టు అనేదానికి వచ్చింది. ఎట్లంటే, అవి ఇత్తనాలకు శెనక్కాయలు వలిచే దినాలు. కాయల మీద నీళ్లు చిలకరించి, పంచలో కుప్ప పోసుకుని, చాటలు ముందర పెట్టుకుని పొద్దస్తమానం వలిచేది. బొటనవేళ్లు మండేవి. ఆ టేపులో మొదటి పక్క కడాకు ఒక పొడుగు పాట ఉండె. మొదట్లో మెల్లగా, జోల పాడినట్ల పోతాది. పోయి పోయి, ఒక కాడ రెండు గిటార్లు ఒకదాన్ని ఒకటి తరుముకుంటా పరిగెత్తేది మొదలుపెడతాయి. డోళ్లు వాటి ఎంటబడతాయి. ఆ పరుగుకు మా చేతులు గూడ పరిగెత్తేవి. చాట ఎప్పుడు నిండిందో తెలిసేది గాదు. మా అత్త దాన్ని పరుగు పాట అని పిలిచేది. ఇంట్లో అందరికీ అదే పేరు అయిపోయింది.

మామకు పాట కంటే అందులోని జనం మీద మనసు. పాట మొదలయ్యేముందు పాడేటాయన ఏదో అడుగుతాడు, జనం ఒక్కసారిగా గొల్లుమంటారు. మెల్లగా పాడేటప్పుడు అంత జనమూ గమ్మున ఉంటారు. ఎవరో ఒకాయన దగ్గుతాడు. ఎవరో ఆడమనిషి నవ్వుతాది. చూడు పాపా, ఇన్ని వేలమంది ఉండారు, ఎట్ల కట్టేసినట్ల కూర్చున్నారో అని మామ నాకు చూపించేవాడు, అదేదో కండ్లకు కనబడేదైనట్ల.

ఇంగ పరుగు పాటలో ఉండే చిక్కు చెప్పాల. గిటార్లు బాగా అందుకుని, పాట ఇంగ కొండ ఎక్కుతాందనంగా, టక్కుమని నిలిచిపోతాది. గొంతు పట్టుకున్నట్ల. ఆ మీదట గరగర, అంతే. రెండో పక్క తిప్పితే వేరే పాట, వేరే జనం.

మొదటిసారి అట్ల నిలిచిపోయినప్పుడే మామ తేల్చేసినాడు, కరెంటు పోయిందని.

అమెరికాలో కరెంటు పోదు నాయనా అని మా ఇంటాయప్ప. శెనక్కాయ పండే సీమలో కరెంటు పోకుండా యాడ ఉంటాదిరా అని మామ. మా మోటారుకు కరెంటు వంతులు వేసి ఇచ్చేటోళ్లు. అదీ వచ్చిందని బాయి కాడికి పోతే పోయేది, పోయిందని ఇంటికొస్తే వచ్చేది. మామ బతుకంతా దాని ఎంట తిరిగేదే కాబట్టి, నడుమ నిలిచిపోయింది ఏదైనా సరే కరెంటు వల్లే నిలిచిపోయినట్ల. మా అత్తేమో, టేపు అయిపోయింది, చుట్టడానికి రీలు చాల్లేదు, దానికింత పంచాయితీనా అనేది. మామ దానికి గూడ జవాబు పెట్టుకోనుండె. మూట నిండితే మిగిలిన కాయలు ఇంకో సంచిలో పోస్తాం గానీ నేలన పారబోస్తామా, రీలు చాలకపోయింటే మిగిలిన పాట రెండో పక్కన ఎక్కించేటోళ్లు కదా అనేవాడు. అది విన్నాక నాకు గూడ కరెంటే పోయిందేమో అనిపించేది.

కరెంటు పోయిందా లేదా అనేది కాదు మామకు కావాల్సింది. పోయినాక ఏమాయె అనేది. టేపు నిలిచిన ప్రతిసారీ అదే అడిగేవాడు.

"జనం ఉండారంటావా పాపా, లేచిపోయినారంటావా?"

ఎందుకు అట్ల అడుగుతాండాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకు పెండ్లి కాకమునుపు, మా ఇంటాయప్ప చిన్న పిల్లోడుగా ఉన్నప్పుడు, మా ఊరి జాతరలో నాటకం ఆడితే మామ రాజు వేషం కట్టినాడు. వేసవంతా బాయి కాడ నీళ్లు కడతా పద్యాలు నోటికి నేర్చినాడంట. రాజ్యం పోయిన రాజు కడాన పాడే పద్యం ఒకటి ఉంది, నాటకమంతా దానికోసమే. దాన్ని ఎత్తుకుని, సగానికి వచ్చి, రాగం తీస్తాంటే కరెంటు పోయె. లైట్లు పోయె, మైకు పోయె. ఆ చీకట్లో సాపలు చుట్టే సప్పుడు, పిల్లోళ్లను లేపే సప్పుడు వినపడె. జనం లేచిపోతాండారని మామకు అర్థమైపోయె. కిరీటం చేత పట్టుకుని ఎనకపక్కన దిగి ఇంటికొచ్చేసినాడంట. ఆ మరుసటేడు వానల్లేవు, నాటకం లేదు. ఆ పైన నేర్పించే అయ్యవారు పోయినాడు. పద్యం అట్లనే సగంలో నిలిచిపోయింది. మనకు గొంతు లేదప్పా, ఉండింటే చీకట్లోనైనా కూర్చునేటోళ్లు జనం అని ఎప్పుడన్నా అనేవాడు, నవ్వుతానే.

టేపు ఏండ్ల తరబడి నడిచింది. ఒకసారి రికార్డరు దాన్ని నమిలేస్తే, నలిగిన తుంట కత్తిరించి టేపు అతికించినాం. ఆ మీదట పరుగు పాటలో ఒక మాట ఎగిరిపోయింది. మాకు ఆ మాట లేకుండానే పాట అలవాటైపోయింది. నడుమ బోర్లు ఎండె, జీపు అమ్మేస్తిమి. మా ఇంటాయప్ప అనంతపురంలో ఒక ట్రావెల్సు సుమోకు డ్రైవరుగా కుదిరె. టేపు మాత్రం ఆయప్ప ఎంటనే పోయింది.

ఆ సుమోలోనే తెగింది ఆ చిక్కు. బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్లోడు ఒకడు బాడుగకు ఎక్కినాడు. రాప్తాడు దాటినాక మా ఇంటాయప్ప టేపు పెడితే, ఆ పిల్లోడు సీట్లో ఎగిరి కూర్చున్నాడంట, అన్నా ఇది నీకెట్ల వచ్చింది అని. పరుగు పాట నిలిచిపోయిన కాడ నవ్వి, ఇది సగమే అన్నా, ఇంగా ఇంత ఉండాది అన్నాడంట. ఆ కచేరీనే కంపెనీ వాళ్లు మళ్లా కొత్తగా వేసినారంట. అప్పట్లో పట్టక వదిలేసిన పాటలు, కోసేసిన తుంటలు అన్నీ చేర్చి, గరగర తీసేసి, రెండు సీడీలు చేసినారంట. నీకూ పంపిస్తానని చెప్పి, చెప్పినట్లే ఆ పిల్లోడు కాపీ చేసి బెంగుళూరు బస్సు డ్రైవరుతో పంపించినాడు.

మా ఇంటాయప్ప సుమో తీసుకుని పొద్దున్నే ఇంటికొచ్చినాడు. ఇంట్లో సీడీ పెట్టేది లేదు, సుమోలో ఉండాది. పైగా బండిదైతే బ్యాటరీ, నడుమ పోయేది ఉండదు. మామను ముందర సీట్లో కూర్చోబెట్టి, తలుపులు నాలుగూ తెరిచి పెట్టినాడు. నేను ఎనక సీట్లో కూర్చుంటి. మా అత్త పంచలో చాట ముందర పెట్టుకుని కూర్చునింది. నాకేం పనిలేదా అని అంటానే ఉంది గానీ, లోపలికి పోలా.

పాట మొదలాయె. గరగర లేదు. జనం గొల్లుమంటే పక్కనే ఉన్నట్ల ఉండె. మన టేపులో ఇంత దగ్గరికి రాలేదు వీళ్లు అని మామ. మేము కత్తిరించిన మాట వచ్చినప్పుడు ముగ్గురమూ ఒకరి మొగాలు ఒకరం చూసుకుంటిమి. ఎవరో పిలవకుండా వచ్చి నడుమ కూర్చున్నట్ల అనిపించె. గిటార్లు అందుకున్నాయి. నిలిచిపోయే చోటు దగ్గరికొస్తాంటే మామ సీటు అంచుకు జరిగి, డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టినాడు.

పాట నిలవలా. అట్లనే పోయింది.

పోయింది, పోయింది, అంతకు ముందు విన్నంత సేపు ఇంగా పోయింది. నిజం చెప్పాలంటే మాకు కొంచెం ఎక్కువే అనిపించె. నేనైతే జనాన్ని ఇంతసేపు కూర్చోబెట్టను అని మామ గూడ గొణిగినాడు. కడాకు పాట అయిపోయె. అప్పుడు జనం. చప్పట్లు, ఈలలు, కాళ్లతో తొక్కేది, ఆగేదే లేదు. ఆ సప్పుడు పూర్తిగా తగ్గేదాకా మామ చెయ్యి తీయలా.

"ఉండారురా," అన్నాడు. "ఒక్కడు గూడ లేచిపోలా."

కరెంటు పోనేలేదు నాయనా, టేపే సగం అని మా ఇంటాయప్ప చెప్పబోతే నేను ఎనక నుంచి గిచ్చితి. మామకు ఆ మాట వినబడిందో లేదో, ఆయన మనసు వేరే చోటికి పోయిండె. వాళ్లకు గొంతుంది, జనం ఉండారు. మనకెవరుంటారు అన్నాడు మెల్లగా.

పంచలో చాట సప్పుడు నిలిచిపోయింది.

"నేనుంటి," అని మా అత్త అనింది.

మామ తల తిప్పినాడు.

"ఆ నాటకం రాత్రి నేనుంటి అంటాండా. వీడు నా ఒళ్లో నిద్రపోయిండె," అని మా ఇంటాయప్పను చూపించింది. "సాపలు చుట్టింది పక్కూరోళ్లు, బండ్లు కట్టుకుని పోవల్లని. మనూరోళ్లు యా ఒక్కరూ కదల్లా. మంగలాయమ్మ నా పక్కనే ఉండె, చిన్నాయన పెండ్లాం ఉండె. కరెంటు వచ్చె. చూస్తే స్టేజీ మీద హార్మోనీ ఆయప్ప ఒక్కడే బిక్కమొగం వేసుకోనుండాడు. లేచిపోయింది జనమా, నువ్వా?"

ఇన్నేండ్లూ చెప్పలేదేమే అన్నాడు మామ.

"ఇంటికొచ్చి చూస్తే మొగాన రంగు గూడ కడుక్కోకుండా పండుకోనుంటివి. లేపితే కసురుకుంటివి. ఆ మీదట జనం పోయిరి, జనం పోయిరి అని ఊరంతా చెప్పుకుంటివి గానీ, యా పొద్దన్నా నన్ను అడిగితివా, నువ్వుంటివా అని? అమెరికావోళ్ల జనం సంగతి ఒగటే అడుగుతాండావు."

మా ఇంటాయప్ప సీడీ కట్టేసినాడు. పోవల్సిన బాడుగ ఒకటి ఉండె, ఫోను మోగుతాండె, ఎత్తలా. మామ కాళ్లు బయటికి పెట్టి, సీట్లోనే అత్త పక్కకు తిరిగి కూర్చున్నాడు.

"పద్యం యాడిదాకా వింటివి?"

మా అత్త గుర్తు చేసుకోవల్సిన పనే లేకపోయింది. పద్యంలో మాట ఒకటి చెప్పి, దాని మీద రాగం తీస్తాంటే పోయె అనింది.

మామ మొదటినుంచి ఎత్తుకోలా. ఆ మాట తరువాతి మాట నుంచి ఎత్తుకున్నాడు. ఒక కాడ తప్పి మళ్లా పట్టుకున్నాడు. సుమో తలుపు మీద వేళ్లతో తాళం వేసుకుంటా, పెద్దగా గాక, పంచదాకా వినబడేంత మట్టుకు పాడినాడు. రెండు చరణాలు. అయిపోయె.

"ఇంతేనా మిగిలిండేది?" అని మా అత్త అడిగింది.

"ఇంతే."

"ఈ మాత్రం దానికా ఇన్నేండ్లు మా పానం తింటివి," అని ఆయమ్మ చాట ఎత్తుకుని లేచింది.

"యాడికి పోతావు? ఇంగా మంగళం ఉండాది, కూర్చో," అన్నాడు మామ.

అత్త చాట కింద పెట్టి కూర్చునింది.